ఎఫ్ నైన్ నొక్కినవాడు

ఉదయం తొమ్మిదీ పదికి, ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు క్యాంటీన్ క్యూలో, చేతిలో ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే చచ్చిపోయాడు.

వెనకున్నవాడు "సార్, కొంచెం ముందుకి" అని భుజం తట్టాకే పక్కకి ఒరిగాడు. మెడ మీద దోమ కుట్టినంత చుక్క. అంతే.

తొమ్మిదీ నలభైకల్లా ఆ చుక్క ఫొటో పిన్ని టేబుల్ మీద ఉంది.

పిన్ని అంటే గూఢచారి విభాగం చీఫ్. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆవిడని వెనకాల పిన్ని అంటుంది, ఎదురుగా మేడమ్ అంటుంది. బ్రీఫింగ్ ఇస్తూ కమలాపండు తొక్క ఒకే ముక్కగా ఒలవడం ఆవిడ అలవాటు. తొక్క మధ్యలో తెగిందంటే ఎవడికో మూడినట్టే.

ఎదురుగా కూర్చున్నవాడి కోడ్ నేమ్ ఇస్త్రీ. కదిలే రైలు మీద కొట్టుకున్నా, నది ఈది వచ్చినా అతని చొక్కా మడత నలగదని ఎవడో పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

"పోయినవాడు సీనియర్ కోడర్," అంది పిన్ని. "కెమికల్ ప్రమాదం జరిగితే డాక్టర్లూ నర్సులూ ఏం చెయ్యాలో కంప్యూటర్ మీద ప్రాక్టీస్ చేయించే సిమ్యులేషన్ ఉంది చూడు, దాన్ని రాసిన టీమ్‌కి పెద్ద."

"తెలుసు మేడమ్."

"తెలుస్తుంది. రెండు నెలల కింద నిన్నే పంపాను కదా. ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్ళి, వెర్షన్ ఫోర్‌లో బయటివాళ్ళెవరైనా వేలు పెట్టారేమో చూసి రమ్మన్నాను. క్లీన్ అని రిపోర్ట్ ఇచ్చావు."

"ఇచ్చాను మేడమ్."

"మొదటి నుంచి చివరి దాకా నడిపే ఇచ్చావుగా?"

ఇస్త్రీ చెవులు కాలాయి. శత్రువుల గదిలో బల్బు కింద కూర్చోబెట్టి ఆరు గంటలు అడిగినా చెక్కుచెదరని గొంతు అతనిది. ఆ గొంతుతోనే అన్నాడు.

"మూడుసార్లు మేడమ్."

తొక్క తెగలేదు. ఆవిడ నమ్మింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"వాడి జేబులో ఇది దొరికింది." ఒక ఉత్తరం ముందుకు తోసింది. "పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ హెడ్ నర్స్ రాసింది. చదువు."

*అయ్యా, ఇది మూడో ఉత్తరం. మీ కొత్త సిమ్యులేషన్‌లో ఒంటి మీద పడ్డ రసాయనం కడగడానికి మూడు సెకన్లు చాలంటున్నారు. మా దగ్గర చెయ్యి కడుక్కోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మీలో ఎవరైనా ఒక్కసారైనా మనిషిని కడిగారా?*

కింద సంతకం చూడక్కర్లేకపోయింది. ఆ వాలు అక్షరాలు అతనికి ఒకటో క్లాసు నుంచీ తెలుసు. అమ్మకి ఒంట్లో బాగోని ఏడాదంతా అతని ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది ఆ చెయ్యే.

అక్క.

"అదే ఆసుపత్రి నాలుగో అంతస్తులో మన అతిథి పడుకుని ఉన్నాడు," పిన్ని తొన నోట్లో వేసుకుంది. "అవతలి దేశం గూఢచారుల జిల్లేడు ముఠాకి పదేళ్ళు వైర్‌లెస్ నడిపి, మొన్న సరిహద్దు దాటి మన దగ్గరికొచ్చాడు. ఆపరేషన్ అయింది. ఇవాళ పన్నెండింటికి మన ఊళ్ళో ఉన్న వాళ్ళ మనుషుల పేర్లు చెప్తానన్నాడు. పన్నెండు దాకా వాడు బతికుండాలి. కోడర్‌ని ఎందుకు చంపారో కనుక్కో."

"ఓకే మేడమ్."

"ఇంకోటి. అక్కడి హెడ్ నర్స్ గట్టి మనిషట. జాగ్రత్తగా మాట్లాడు."

"అలాగే మేడమ్," అన్నాడు ఇస్త్రీ, చిన్నప్పటి నుంచీ అదే పనిలో ఉన్నవాడిలా.

*

కారు నడుపుతూ మీసం అంటించుకున్నాడు. అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు.

రెండు నెలల కింద, ఆ సిమ్యులేషన్ సెంటర్లో, అతని పక్క కుర్చీలో డిజైనర్ కూర్చుంది. సిమ్యులేషన్‌లో మనుషుల బొమ్మలు గీసేది ఆవిడే. నల్లటి పొడుగు కోటు, స్కేలు పెట్టి గీసినట్టున్న కాటుక. తెర మీద ట్యాంకర్ పేలింది, జనం దగ్గుతూ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చారు. లోపలికి పంపేముందు ఒక్కొక్కరి బట్టలు కత్తిరించి, తల నుంచి కాళ్ళ దాకా కడగాలి. లేకపోతే బట్టల్లోంచి వచ్చే ఆవిరికి డాక్టర్లే పడిపోతారు. కడగడం తెర మీద కూడా నిజంగా ఎంతసేపు పడుతుందో అంతసేపూ నడిచేది. మనిషికి ఎనిమిది నిమిషాలు.

రెండో పేషెంట్‌కే ఇస్త్రీ ఆవలించాడు.

"బోర్ కొడుతోందా?" అంది డిజైనర్, నవ్వుతూ. "అందరూ ఇక్కడే బోరంటారు. మీలాంటి ఎక్స్‌పర్ట్ ఒక్క మాట రాస్తే షార్ట్‌కట్ కీ పెట్టేస్తాం."

ఎక్స్‌పర్ట్. ఆ మాట దగ్గరే అతని బుర్ర సెలవు పెట్టింది.

*కడిగే భాగం సాగదీతగా ఉంది. షార్ట్‌కట్ కీ అవసరం.* తన ఐడియా అన్నట్టే ఫారంలో రాశాడు. సాయంత్రానికి ఎఫ్ నైన్ వచ్చేసింది. నొక్కితే మూడు సెకన్లు నీళ్ళ బొమ్మ, టిక్ మార్కు, శుభ్రమైనట్టు గ్రీన్ ట్యాగ్, పేషెంట్ లోపలికి. సగం దాకా నడిపేసరికి తొంభై ఎనిమిది పర్సెంట్ స్కోరు. మిగతా సగం నడవాల్సిన నలభై నిమిషాలూ కాఫీ తాగుతూ ఆ కాటుక చూస్తూ గడిపాడు. సంతకం పెట్టాడు. వచ్చేశాడు.

ముఠా వేలు పెట్టిందేమో చూసి రమ్మని పంపితే, ఆ వేలు పట్టుకుని తనే లోపలికి నడిపించాడు.

*

ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో డిపార్ట్‌మెంట్ మనిషి నిలబడ్డాడు.

"లిఫ్ట్ పనిచేస్తోందా?" అన్నాడు ఇస్త్రీ.

"ఎక్కడానికే. దిగాలంటే మెట్లు."

కోడ్ సరిపోయింది. ఇస్త్రీ ఎమర్జెన్సీలోకి అడుగు పెట్టాడు. ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ కార్డు, కళ్ళజోడు, గొంతు మార్చిన దగ్గు, అన్నీ పక్కాగా ఉన్నాయి. హెడ్ నర్స్ ట్రాలీ మీంచి తలెత్తి చూసింది.

"ఆ మీసం ఏంట్రా?"

"మేడమ్, నేను ఫైర్ సేఫ్టీ..."

"ఇన్సూరెన్స్ కంపెనీ మానేశావా?"

"ట్రాన్స్‌ఫర్ అక్కా," అన్నాడు చిన్నగా.

"ఇన్సూరెన్స్ నుంచి ఫైర్‌కా. బాగుంది. ఎడంవైపు ఊడుతోంది, నొక్కుకో. నాకిప్పుడు టైమ్ లేదు, ట్రైనింగ్ నడుస్తోంది."

ట్రైనింగ్ గదిలో ఇరవై కంప్యూటర్లు. ఇరవై మంది డాక్టర్లు, నర్సులు, అటెండర్లు. ఇరవై తెరల మీదా అదే ట్యాంకర్ పేలింది, అదే జనం వచ్చారు. ఇరవై వేళ్ళు ఒకేసారి కదిలాయి.

టక్. టిక్ మార్కు. టక్. టిక్ మార్కు.

ఎవరూ కీబోర్డు వైపు చూడ్డం లేదు. చేతులకి అలవాటైపోయింది. ఇస్త్రీ గోడ వైపు తిరిగాడు. గోడ మీద లీడర్‌బోర్డు. అన్నిటికన్నా పైన, బంగారు అక్షరాల్లో: *ఇన్‌స్పెక్టర్ సెవెన్ – 98%.*

"చూశావా?" అక్క చేతులు కట్టుకుంది. "ఎవడో మహానుభావుడు. ఆయన పుణ్యమా అని మా రూల్స్ కూడా మారాయి. బయట ఎనిమిది షవర్లుండేవి, వాటిలో ఇప్పుడు అట్టపెట్టెలు పడేశారు. ప్రమాదం జరిగితే స్ప్రే బాటిల్‌తో రెండుసార్లు కొట్టి, గ్రీన్ ట్యాగ్ కట్టి, నాలుగో అంతస్తు అబ్జర్వేషన్ వార్డుకి పంపాలట. కంప్యూటర్‌లో ఎలాగో ఇక్కడా అలాగేనట. షవర్ల వాల్వ్ తాళం కూడా ఇచ్చెయ్యమన్నాడు సూపరింటెండెంట్. పోయిందని చెప్పాను." ఆవిడ ఏప్రన్ జేబు తట్టింది. లోపల ఇనుము గలగలమంది. "ఉద్యోగంలో చేరాక నేనాడిన అబద్ధం అదొక్కటే. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదురా."

ఇస్త్రీ ఇవాళ లేచాక తనెన్ని ఆడాడో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

"ఆ ఎఫ్ నైన్ అడిగిన వెధవ ఎవడో నాకు ఒక్కసారి దొరకాలి."

"దొరికితే?"

"అరగంట కడుగుతాను. చన్నీళ్ళతో."

అప్పుడు తట్టింది అతనికి. నాలుగో అంతస్తు. అబ్జర్వేషన్ వార్డు పక్క గదే అతిథిది. గార్డులు డాక్టర్లని కూడా సోదా చేసి పంపుతారు. కానీ గ్రీన్ ట్యాగ్ కట్టుకుని స్ట్రెచర్ మీద మూలిగే మనిషిని? బట్టలు విప్పరు, కడగరు, కోటు కోటులాగే ఉంటుంది. కోటులో ఏముందో ఎవరూ చూడరు.

ఉత్తరం చదివి కోడర్ దీన్నే కనిపెట్టాడు. అందుకే క్యూలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడు.

సరిగ్గా పదకొండూ ఇరవైకి సైరన్ మోగింది.

*

"పురుగుమందు ట్యాంకర్, జంక్షన్‌లో బోల్తా!" ఫోన్ పెట్టేసిన అటెండర్ అరిచాడు. "ముప్పై మందికి పైగానట. పది నిమిషాల్లో ఇక్కడుంటారు."

ఇరవై కుర్చీలు వెనక్కి జరిగాయి. ఇరవై మందీ స్ప్రే బాటిళ్ళు అందుకున్నారు. భయం లేదు వాళ్ళలో. ఆరు వారాలు ప్రాక్టీస్ చేశారు మరి.

ఇస్త్రీ కారిడార్‌లోకి వెళ్ళి చొక్కా చేతి గుండీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. గుండీలో మైకు ఉంది.

"పిన్నీ."

ఎదురుగా ఆవిడని ఎవరూ అలా పిలవలేదు.

"చెప్పు," అంది పిన్ని.

"నేను మూడుసార్లు నడపలేదు. ఒక్కసారే. అదీ సగం. ఎఫ్ నైన్ పెట్టమని రాసింది నేనే. డిజైనర్ రాయమంది, రాశాను. ఆవిడ జిల్లేడు మనిషి. ట్యాంకర్‌ని పడేసింది వాళ్ళే, ఆవిడ పేషెంట్ వేషంలో వస్తోంది."

తొక్క తెగిన చప్పుడు రేడియోలో వినబడదు. కానీ అతనికి వినబడింది.

"డిజైనర్ నా మనిషి," అంది పిన్ని. "రెండేళ్ళుగా జిల్లేడు కబుర్లు మనకి మోస్తోంది. అలా అనే నేననుకున్నాను. ఇక్కడి కబుర్లు అక్కడికి మోస్తోందని నాకూ తట్టలేదు." ఊపిరి వదిలింది. "ఇద్దరం బాగానే ఉన్నాం. నాలుగో అంతస్తుకి మనుషుల్ని పంపుతున్నాను, ముప్పావుగంట పడుతుంది. నువ్వు కిందే ఆపాలి."

"ఎలా మేడమ్?"

"నాకు చెప్పిందే వాళ్ళకీ చెప్పు."

తుపాకీ తీసి ఎదురెళ్ళమన్నా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

మొదటి అంబులెన్స్ అప్పటికే మెట్ల దగ్గర ఆగింది. తడిసిన చొక్కాతో ఒక ముసలాయన దగ్గుతూ దిగాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. జూనియర్ డాక్టరమ్మ స్ప్రే బాటిల్ ఎత్తింది. టక్, టక్. చెయ్యి గ్రీన్ ట్యాగ్ వైపు వెళ్ళింది.

ఇస్త్రీ ముసలాయన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపేశాడు. "లోపలికి వద్దు. ముందు కడగాలి."

"అయిందండీ," అంది డాక్టరమ్మ. "తప్పుకోండి. మీరు ఫైర్ కదా?"

"అవలేదమ్మా. బట్టలు కత్తిరించాలి. షవర్ కింద..."

"అది పాత వెర్షన్. నా స్కోరు తొంభై ఒకటి తెలుసా? ఇన్‌స్పెక్టర్ సెవెన్‌ది తొంభై ఎనిమిది. ఆయనకన్నా మీకెక్కువ తెలుసా?"

"తెలుసు. ఆయన నేనే."

ఆమె చెయ్యి ఆగింది. ఇస్త్రీ గోడకున్న మైకు లాక్కున్నాడు. అతని గొంతు ఎనిమిది అంతస్తుల్లోనూ వినబడింది, నాలుగో అంతస్తుతో సహా.

"అందరూ వినండి. నేను ఇన్‌స్పెక్టర్ సెవెన్‌ని. ఆ తొంభై ఎనిమిది దొంగ స్కోరు. నేను మొత్తం నడపలేదు. కడగడం బోర్ కొట్టి కాఫీకి వెళ్ళాను. ఎఫ్ నైన్ నేనడిగిందే. మూడు సెకన్లలో ఎవరూ శుభ్రం కారు. వీళ్ళని ఇలాగే లోపలికి తీసుకెళ్తే అరగంటలో మీరూ పడిపోతారు. నన్ను తర్వాత ఏమైనా అనండి. ఇప్పుడు మాత్రం హెడ్ నర్స్ చెప్పినట్టు చెయ్యండి."

మైకు పెట్టేశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. మీసం ఎడంవైపు పూర్తిగా వేలాడుతోంది.

అక్క కూడా చూసింది. ఎంతసేపో చూడలేదు, రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ అతనికి బల్బు కింద ఆరు గంటలకన్నా పొడుగనిపించాయి. తర్వాత ఆవిడ ఏప్రన్ జేబులోంచి తాళం తీసింది.

"అట్టపెట్టెలు బయట పారెయ్యండి. మాస్కులు, గౌన్లు, గ్లౌజులు. కత్తెరలు నలుగురికి. కడగందే చీమని కూడా లోపలికి పంపను."

ఎనిమిది షవర్లూ ఒక్కసారి బుసకొట్టాయి.

చేతులు వెంటనే మాట వినలేదు. ఒక నర్సు వేలు గాల్లోనే రెండుసార్లు టక్ టక్ మంది. అలవాటు. ఆమె సిగ్గుపడి కత్తెర పట్టుకుంది.

"నువ్వు కూడా లైన్లోకి," అంది అక్క.

"నేనా?"

"ముసలాయన్ని కావిలించుకున్నావుగా. చేతులెత్తు."

కోటు పోయింది. మైకు గుండీలు, కెమెరా పెన్ను, తాడు దాగున్న బెల్టు, మడమలో కత్తున్న బూట్లు అన్నీ పసుపురంగు ప్లాస్టిక్ సంచీలోకి వెళ్ళిపోయాయి. ఏ శత్రువూ నలపలేని చొక్కాని అక్క కాలరు దగ్గర్నుంచి కింద దాకా ఒక్క కత్తెరతో చీల్చింది. ప్యాంటుకీ అదే గతి. ఎమర్జెన్సీ మెట్ల ముందు, పట్టపగలు, ముప్పై మంది పేషెంట్లు చూస్తుండగా డిపార్ట్‌మెంట్ నంబర్ వన్ ఏజెంట్ చారల నిక్కరుతో చన్నీళ్ళ కింద నిలబడ్డాడు.

"చంకల కింద కూడా," అంది అక్క.

సబ్బు నురగలోంచి అతను లైను చూశాడు. అందరి కళ్ళూ ఎర్రబడి కారుతున్నాయి. ఒక్కరివి తప్ప. వెనక స్ట్రెచర్ మీద మొహానికి గుడ్డ చుట్టుకుని ఒకామె గట్టిగా దగ్గుతోంది. నల్లటి పొడుగు కోటు. గుడ్డ పైన రెండు కళ్ళు, స్కేలు పెట్టి గీసినట్టున్న కాటుక. ఇసుమంత కూడా చెదరలేదు.

నలభై నిమిషాలు పని మానేసి చూసిన కాటుక అది. ఎలా మర్చిపోతాడు.

"అక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఆ కోటావిణ్ణి ముందు కడుగు."

అక్క అతని మొహం చూసింది, కాటుక చూసింది. స్ట్రెచర్ దగ్గరికి నడిచింది.

"కోటు తియ్యమ్మా."

"నాకు స్ప్రే చేశారండీ. ట్యాగ్ కట్టి పైకి పంపండి. ఊపిరాడటం లేదు."

"మాట బాగానే ఆడుతోందిగా. తియ్యి."

డిజైనర్ లేచింది. ఒక్క గెంతులో స్ట్రెచర్ దాటింది. చేతిలో పెన్నంత సిరంజి మెరిసింది. మెట్ల పక్కనున్న స్ట్రెచర్ లిఫ్ట్ ఆరడుగుల దూరంలో ఉంది, తలుపు తెరుచుకునే ఉంది, పన్నెండు కావడానికి నాలుగు నిమిషాలుంది. ఇస్త్రీ చెయ్యి అలవాటుగా బెల్టుకి వెళ్ళింది. బెల్టు లేదు. మడమకి వెళ్ళింది. బూటు లేదు.

అక్క చేతిలో మాత్రం హోస్ ఉంది.

వాల్వ్ పూర్తిగా తిప్పింది. నీళ్ళ దెబ్బకి డిజైనర్ లిఫ్ట్ తలుపు అంచుకి గుద్దుకుని కూలబడింది. సిరంజి జారి మురుగు జాలీలో పడింది. లేవబోతే సబ్బునీళ్ళలో కాలు నిలవలేదు. ఇస్త్రీ నిక్కరుతోనే వెళ్ళి ఆవిడ మణికట్లు పట్టుకున్నాడు.

"నువ్వు సగమే నడిపావని నాకు తెలుసు," అంది డిజైనర్, తడిసిన కాటుక చెంపల మీదికి జారుతుంటే. "అందుకే నిన్ను ఎంచుకున్నాను."

అందులో కాదనడానికేం లేదు.

పన్నెండింటికి, నాలుగో అంతస్తులో, అతిథి మొదటి పేరు చెప్పాడు.

*

సాయంత్రం నాలుగింటికి ఎమర్జెన్సీ మెట్ల మీద ఇస్త్రీ ఆసుపత్రి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. అక్క పక్కన కూర్చుని గ్లౌజుల్లో నానిన వేళ్ళు నులుముకుంటోంది.

"ముప్పై నాలుగు మంది వచ్చారు. అందరూ ఉన్నారు. మావాళ్ళు ఇరవై మందీ నిలబడే ఉన్నారు. థాంక్స్ చెప్పమంటావా?"

"వద్దక్కా."

"చెప్పను."

అతను దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఒకాయన పోయాడు," అన్నాడు ఇస్త్రీ. "నువ్వు రాసింది చదివి, తప్పు కనిపెట్టాడు. నేను నా పని చేసుంటే ఆయనకి ఆ పని పడేది కాదు. ఇవాళ పొద్దున ట్రేలో టిఫిన్ పెట్టించుకుని తినేవాడు."

అక్క ఓదార్చలేదు. అతని తడి జుట్టులో ఇంకా మిగిలిన నురగ చేత్తో తుడిచింది.

"ఆయనింటికి వెళ్తావా?"

"వెళ్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను."

"మీసం పెట్టుకోకుండా వెళ్ళు."

*

నెల తర్వాత వెర్షన్ ఫైవ్ వచ్చింది. హెడ్ నర్స్ చేతిలో ఎర్ర పెన్ను పెట్టుకుని గీత గీతా దిద్దిన వెర్షన్. ఎఫ్ నైన్ మాయమైంది. మొదటి స్క్రీన్ మీద సీనియర్ కోడర్ పేరు, దాని కింద ఆయన పనిచేసిన ఏళ్ళు.

పిన్ని కంప్యూటర్ తెచ్చి ఇస్త్రీ ముందు పెట్టింది. పక్కనే కుర్చీ వేసుకుని కమలాపండు తీసింది.

"మొదటి నుంచి చివరి దాకా. మూడుసార్లు. నేనిక్కడే ఉంటాను."

తెర మీద ట్యాంకర్ బోల్తా పడింది. మొదటి పేషెంట్ మెట్ల దగ్గరికొచ్చాడు. నలగని చొక్కా, వేలాడే మీసం. "నన్ను కడగక్కర్లేదండీ, నేను ఎక్స్‌పర్ట్‌ని" అని గొంతు చించుకుంటున్నాడు. గూఢచారి బొమ్మ ప్రపంచంలో ఎక్కడా ఉండకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. ఇప్పుడది మూడొందల ఆసుపత్రుల్లో ఉంది, చారల నిక్కరుతో సహా.

"మీ అక్క షరతు," అంది పిన్ని, తొక్క ఒలుస్తూ. "కానివ్వు. ఎనిమిది నిమిషాలు. చంకల కింద కూడా."